పూవును చూసి తెచ్చుకొన్న పీడ



కాలువ చివరి పొలానికి నీరందకపోతే లాకుల దగ్గరే తప్పు జరిగిందనుకుంటాం. ఒకసారి గట్టువెంట పైకి నడిచి చూడండి. చాలాచోట్ల నీటికి అడ్డుపడి వుండేది గుర్రపు డెక్క. ఇది మన గడ్డమీద పుట్టింది కాదు. దీని కథ తెలుసుకుంటే మన పని ఎక్కడ మొదలుపెట్టాలో బోధపడుతుంది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. లేత వూదారంగు పూవు అందంగా వుందని మనుషులే దీన్ని దేశదేశాలకు మోసుకుపోయినారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి బెంగాలు చేరింది. తోటలో వున్నంతకాలం ముచ్చటే. నీటిపాలైన తరువాత వరిచేలమీదికి పాకింది, పడవల దారి మూసింది.

1921లో అక్కడి ప్రభుత్వం జగదీశ్ చంద్ర బోసుగారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1936లో చట్టం వచ్చింది. ఎవరి నీటిలోది వారే తీసివేయాలన్నారు. 1937 ఎన్నికల్లో ఫజ్లుల్ హక్ గారి పార్టీ దీన్ని నిర్మూలిస్తామని మాట యిచ్చింది. 1939లో వారం రోజులు ప్రత్యేకించి జనం చేత తీయించారు. ఐనా మొక్క పోలేదు.

ఎందుచేత? వెచ్చని నీటిలో సుమారు రెండు వారాలకే ఒకటి రెండవుతుంది. విత్తనం బురదలో ఏళ్లతరబడి బ్రతికి వుంటుంది. అన్నిటికీ మించి, తేలిపోయే మొక్కకు సరిహద్దు లేదు గదా! ఇవాళ మీ బోదె మీరు బాగుచేసుకున్నా, పై వూరివారు వదిలింది రేపు మీ దగ్గరకే వస్తుంది.

1982లో బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు దీన్ని తినే ముక్కుపురుగులను విదేశాలనుండి తెప్పించి పరీక్షించారు. తరువాత చెరువుల్లో వదిలితే మేలు కనబడింది. కాని అది నెమ్మదిగా జరిగే పని. పారే కాలువలో దాన్నే నమ్ముకొని కూర్చోరాదు.

కనుక కాలువ కట్టివేసిన రోజుల్లో, పూత రాకముందే, పై వూరినుండి కిందికి వరుసగా, అందరూ కలిసి తీయండి. తీసింది గట్టుమీదే వదిలితే తొలివానకే మళ్లీ నీటిలోకి దిగుతుంది. దూరంగా వేసి, వాడిన తరువాత పేడతో కలిపి గుంటలో మాగవేస్తే ఎరువవుతుంది.

పూవు బాగుందని ఇంటి తొట్టిలో మాత్రం పెంచకండి. కథ మొదలైంది అక్కడే.