గుండు కెంపు, పలకల రవ్వ

హోసూరు కొండమీద చంద్రచూడేశ్వరస్వామి సన్నిధిలో కొలువైన అమ్మవారి పేరు మరకతాంబ. మరకతమంటే పచ్చ. రాయి పేరు దేవికి పెట్టుకొన్న ఈ ఊరిలోనే, 1990ల దశకంలో టైటాన్ సంస్థవారి తనిష్క్ నగల కర్మాగారం వెలసింది. మొదట వారు 18 క్యారెట్ల బంగారంతో పాశ్చాత్య ఫక్కీ నగలు చేశారు. కొనేవారు 22 క్యారెట్లే కావాలని పట్టుపట్టగా దారి మార్చుకొన్నారు. బంగారం విషయంలో అంత పట్టుదల గల మనవారు రాళ్ల విషయంలో మాత్రం తేలికగా లొంగిపోయినారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు బ్రతుకుతెరువుకై వచ్చిన మన కుటుంబాలలో కూడా, అమ్మమ్మ నాటి కెంపుల అడ్డిగను విప్పించి కొత్తరకం నగ చేయించడం ఇప్పుడు వింత కాదు. విప్పించే ముందు ఆ గుండురాళ్ల కథ కొంత వినండి.

పైభాగం బొజ్జలా ఉబ్బి, అడుగు చదునుగా ఉండేట్టు సానపట్టి నునుపుచేసినది గుండురాయి. పాశ్చాత్యులు దీనిని కబోషాన్ అంటారు. నవరత్నాలలో ముత్యానికి సానే అక్కరలేదు. వైడూర్యంలోని పిల్లికంటి గీత రాయిని గుండుగా తీర్చినప్పుడే కనబడుతుంది. లోపల ఒకే దిక్కుగా పరచుకొన్న సన్నని పోగులపై వెలుగు పడి ఆ గీత పుడుతుంది. కొన్ని కెంపులలోను, నీలాలలోను ఆరు కాళ్ల నక్షత్రం తోచేదీ ఈ విధంగానే. పలకలు తీశారా, నక్షత్రం మాయమే!

17వ శతాబ్దంలో కొల్లూరు మొదలైన దక్షిణాపథపు వజ్రపు గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఒక ముచ్చట వ్రాసినాడు. రాయి స్వచ్ఛంగా ఉంటే మన సానవారు బరువు తగ్గుతుందన్న భయంతో పైనా క్రిందా కొంచెం తాకించి వదిలేవారట. మచ్చ ఉంటేనే దానిని కప్పిపుచ్చడానికి పలకలు తీసేవారట. ఆ భయం ఉత్తది కాదు. మన కొల్లూరుదేనని ప్రతీతి గల కోహినూరును 1852లో లండనులో తిరిగి సానపట్టగా, 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగిపోయింది.

అయితే వజ్రానికి పలకలే అందమని ఒప్పుకోవాలి. లోపలికి పోయిన వెలుగును పలకలు మళ్లీ మన కంటికే త్రిప్పి కొడతాయి. 1919లో టోల్కోవ్‌స్కీ ఆ కోణాలను లెక్కగట్టి చూపించాడు. కెంపు సంగతి వేరు. దానికి తళుకుకన్న రంగు ముఖ్యం. మేలిమి బంగారపు రేకును రాయి చుట్టూ నొక్కి బిగించే కుందనపు పనిలో, గూటి అడుగు మూసివేసి లోపల మెరుగు రేకు పరుస్తారు. నూనెదీపపు వెలుతురు రాతిలోకి దిగి, ఆ రేకును తాకి, ఎర్రగా తిరిగివచ్చేది. విద్యుద్దీపాల క్రింద పలకల రాయి ముందు అది మందంగా కనబడటంలో ఆశ్చర్యమేమున్నది? నిప్పుకణికకు, మెరుపుకు పోటీ పెట్టినట్లే.

పాత నగలోని ప్రతి ఎర్రరాయీ గని కెంపే అనుకోరాదు. గాజురాళ్లు వాడుకలో ఉండేవి. కృత్రిమ కెంపులు తయారుచేసే పద్ధతిని ఫ్రాన్సులో వెర్నూయ్ 1902లో ప్రకటించాడు. కాబట్టి విలువ కట్టించేటప్పుడు రాయిని, పనితనాన్ని వేరువేరుగా చూపించుకోండి. విప్పించితే రాళ్లు చేతికి వస్తాయి గాని, కుందనపు పని తిరిగి రాదు.

ఇంకొక మాట. పాత నగను సబ్బునీటిలో నానబెట్టకండి. మూసిన గూటిలోకి నీరు దిగితే రేకు నల్లబడి కెంపు మసకబారుతుంది. చచ్చురాయి అని తీసిపారవేసేవారు ఉన్నారు. చేయి తిరిగిన కుందనపు పనివానికి ఇచ్చి రేకు మార్పించితే, ఆ రాయే మళ్లీ ఎర్రగా వెలుగుతుంది.