తాను గ్రేడును తేల్చే అంచు: వస్త్ర పరిశ్రమలో సెల్వెజ్ ప్రాధాన్యం

పల్సానా (సూరత్): మిల్లు నుంచి వచ్చిన తాను మొదటి రకంగా అమ్ముడవుతుందా, సెకండ్స్‌గా ధర కోల్పోతుందా అన్నది అనేక సందర్భాల్లో దాని రెండు పక్కలా ఉండే సన్నని అంచుపై ఆధారపడి ఉంటుంది. మిల్లు పరిభాషలో దీనిని సెల్వెజ్ అంటారు. తనిఖీలో అంచు మీది చిన్న లోపాలకు సాధారణంగా పాయింట్లు వేయరు. అయినప్పటికీ తాను గ్రేడును అంచు మార్చగలదు.

సూరత్ జిల్లాలోని తాలూకా కేంద్రమైన పల్సానా, అదే తాలూకాలోని కడోదరా పరిసరాల్లో అద్దకం, ముద్రణ మిల్లులు నెలకొన్నాయి. మరమగ్గాలపై నేసిన పాలియెస్టర్ కోరా వస్త్రం ఇలాంటి మిల్లుల్లోనే రంగు, మెరుగు దిద్దుకుంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు సూరత్ వస్త్ర రంగంలో గణనీయంగా ఉన్నందున ఈ అంశం తెలుగువారికీ సంబంధించినదే.

అంచు ఏర్పడే విధానం

నాడెతో నడిచే మగ్గంలో పేక పోగు తెగకుండా ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్లి తిరిగి వస్తుంది. అందువల్ల అంచు దానంతట అదే మూసుకుంటుంది. చేనేత మగ్గంపైనా, నాడె ఉన్న మరమగ్గంపైనా జరిగేది ఇదే.

నాడె లేని వాటర్‌జెట్, రేపియర్ మగ్గాల్లో ప్రతి పేక పోగూ అంచు వద్ద తెగుతుంది. తెగిన కొసలు ఊడిపోకుండా అదనపు పోగులు మెలివేసుకొని వాటిని పట్టి ఉంచుతాయి. దీనిని లెనో అంచు అంటారు. పాలియెస్టర్ వేడికి కరిగే గుణం కలది కనుక వేడి కట్టర్‌తో అంచును కోసి అతికించే పద్ధతీ ఉంది. వేడి చాలకపోతే పోగులు లేస్తాయి, ఎక్కువైతే అంచు బిరుసెక్కుతుంది.

పడుగు బిగువు కూడా కీలకమే. అంచు పోగులు అతిగా బిగిస్తే వస్త్రం నడుమ ఉబ్బుతుంది. వదులైతే అంచు అలలు అలలుగా తేలుతుంది.

పాయింట్ల లెక్క

వస్త్ర తనిఖీలో విస్తృతంగా అనుసరించేది నాలుగు పాయింట్ల పద్ధతి. ఏఎస్‌టీఎం డి5430 ప్రమాణంలో ఇదీ ఒకటి. లోపం పొడవు 3 అంగుళాల లోపుంటే 1 పాయింటు, 3 నుంచి 6 అంగుళాలకు 2, 6 నుంచి 9 అంగుళాలకు 3, అంతకు మించితే 4 పాయింట్లు వేస్తారు. ఒక గజంలో ఎన్ని లోపాలున్నా 4కు మించి వేయరు. వచ్చిన మొత్తాన్ని 100 చదరపు గజాలకు లెక్కగడతారు. కొనుగోలుదారులు సాధారణంగా పెట్టే హద్దు 40 పాయింట్లు.

అంచు నుంచి అంగుళం లోపలి చిన్న లోపాలను లెక్కించరాదని అనేక కొనుగోలు ఒప్పందాలు చెబుతాయి. దుస్తుల కత్తిరింపులో ఆ భాగం ఎలాగూ పోతుందన్నది ఇందుకు కారణం.

అయితే లెక్కలో వెడల్పు కూడా ఉంటుంది. ఉదాహరణకు 100 గజాల తానుకు 48 పాయింట్లు వచ్చాయనుకుందాం. వెడల్పు 44 అంగుళాలైతే 100 చదరపు గజాలకు సుమారు 39.3 పాయింట్లు పడి తాను నెగ్గుతుంది. అంచులు పాడై ఉపయోగపడే వెడల్పు 42 అంగుళాలకు తగ్గితే అవే లోపాలకు 41.1 వస్తుంది, తాను తిరస్కరణకు గురవుతుంది. కొనుగోలుదారు ఉపయోగపడే వెడల్పునే ప్రాతిపదికగా తీసుకున్నప్పుడు రెండు అంగుళాల అంచు గ్రేడునే మార్చివేస్తుంది. తాను పొడవునా అంచు బిగిసినా, అలలు తేలినా పాయింట్లతో నిమిత్తం లేకుండానే దానిని పక్కన పెట్టే కొనుగోలుదారులూ ఉన్నారు.

అద్దకంలో బయటపడే లోపం

మిల్లులో వస్త్రాన్ని స్టెంటర్ యంత్రం రెండు అంచుల వద్ద పిన్నులతో లేదా క్లిప్పులతో పట్టి, వెడల్పుగా చాపి వేడి గదుల గుండా నడుపుతుంది. బలహీనమైన అంచు ఇక్కడ చిరుగుతుంది, లేదా పిన్ను నుంచి జారిపోతుంది. ముద్రణ సమయంలో అంచు లోపలికి ముడుచుకుంటే ఆ భాగం రంగు అంటక తెల్లగా మిగులుతుంది. నడుమ ఒక ఛాయ, అంచు వద్ద మరో ఛాయ వచ్చినా తాను విలువ పడిపోతుంది. అలాంటి వస్త్రంతో కుట్టిన చొక్కాలో పక్కపక్క ముక్కలు వేర్వేరు రంగుల్లో కనిపించడమే ఇందుకు కారణం.

నష్టం ఎవరిది?

నేత ఒకచోట, అద్దకం మరోచోట, అమ్మకం ఇంకొకచోట జరగడం వల్ల అంచు చెడినప్పుడు బాధ్యత తేల్చడం కష్టమవుతుంది. వ్యాపారి ధరలో కోత పెడితే ఆ భారం నేత యూనిట్‌పై పడవచ్చు, అద్దకం మిల్లుపై పడవచ్చు. మీటరు లెక్కన కూలి పొందే కార్మికుడికి ఇది చిన్న విషయం కాదు.

లోపం ఆనవాళ్లు కొంతవరకు మూలాన్ని సూచిస్తాయి. లెనో పోగు తెగి పేక కొసలు ఊడటం, తాను పొడవునా ఒకే పక్క బిగువు ఉండటం మగ్గం వైపు వేలు చూపుతాయి. పిన్ను రంధ్రాల వద్ద మొదలైన చిరుగు స్టెంటర్‌ను సూచిస్తుంది. బలహీనమైన నేత కూడా అక్కడే చిరుగుతుంది కనుక రంగు వేశాక ఈ తేడా పట్టడం సులభం కాదు.

అందుకే కోరా వస్త్రాన్ని మిల్లుకు పంపే ముందే వెలుగు బల్లపై పరిశీలించి, వెడల్పు, అంచు స్థితి నమోదు చేసి, ఇరుపక్షాలూ సంతకం చేయడం మేలు. అంచు నుంచి ఎంత దూరం లెక్క మినహాయించాలి, ఏ వెడల్పును ప్రాతిపదికగా తీసుకోవాలి అన్నవి ఒప్పందంలోనే రాసుకుంటే వివాదానికి అవకాశం తగ్గుతుంది.