రూపాయలతో కట్టిన కువైట్ బడి

ఈ వారం ఎపిసోడ్ ఒక శ్రోత పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. ఆయన ఉండేది అర్దియాలో, అరబ్బు ఇంట్లో డ్రైవర్ పని. "మా ఊరి బడికి రెండు గదులు కట్టించాలని తలా కొంచెం దినార్లు వేస్తున్నాం అన్నా. ఇంకో కులపోళ్ల దగ్గర తీసుకోవద్దని కొందరు, బయటి ఊరోళ్లు ఎందుకని కొందరు. ఇట్లా చందాలేసి బడి కట్టడం ఇక్కడ ఎప్పుడన్నా జరిగిందా?" అని అడిగారు.

జరిగింది. అదీ మన రూపాయలతో.

అర్దియా నుంచి శుక్రవారం సూక్ ముబారకియాకి వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ పేరుతోనే అక్కడ ఒక బడి ఉండేది, ముబారకియా పాఠశాల. 1911 డిసెంబర్ 22న తెరిచారు. కువైట్‌లో పద్ధతి ప్రకారం నడిచిన మొదటి బడి అదే. అప్పటికి చమురు లేదు, దినార్ లేదు. ఊరి బతుకంతా ముత్యాలు, ఓడలు, బొంబాయితో బేరాలు. బజార్లో చెల్లేది హిందుస్తానీ రూపాయే.

కథ ఒక దివానియాలో మొదలైంది. షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్-ఖినాయి ఇంట్లో ప్రవక్త జన్మదినానికి జనం కూడారు. ప్రవక్త జీవితాన్ని చదివి ఊరుకుంటే సరిపోదు, ఆ దారిలో నడవాలంటే చదువు కావాలి, చదువుకి బడి కావాలి అని యాసిన్ అల్-తబ్తబాయి మాట్లాడారు. ఆ మాట పట్టుకుని షేక్ యూసుఫ్ చందాలకి బయల్దేరారు. ఒక కుటుంబం ఇల్లు ఇచ్చింది, వర్తకులు తలా కొంత వేశారు. అది చాల్లేదు. అప్పుడు బొంబాయిలో స్థిరపడిన ఇబ్రాహిం కుటుంబానికి ఉత్తరం రాశారు. ఖాసిం అల్-ఇబ్రాహిం 30,000 రూపాయలు, అబ్దుల్‌రహ్మాన్ అల్-ఇబ్రాహిం 20,000 రూపాయలు పంపారు. మన గడ్డ మీద వ్యాపారం చేసి సంపాదించిన డబ్బు సముద్రం దాటి వచ్చి ఇక్కడి పిల్లలకి గోడలైంది. ఇవాళ అర్దియా నుంచి కడప, రాయచోటి వైపు వెళ్తున్న డబ్బుకి ఇది తిరుగు ప్రయాణం లాంటిదే.

పదేళ్లు తిరిగేసరికి తగాదా వచ్చింది. ఇంగ్లీషు, కొత్త చదువులు చెప్పాలా వద్దా అని. ఒప్పుకున్నవాళ్లు మళ్లీ చందాలు పోగేసి 1921లో అహ్మదియా అని రెండో బడి పెట్టారు. మొదటిదాన్ని మాత్రం మూయలేదు. రెండూ నడిచాయి.

చందాలకి ఒక బలహీనత ఉంది. ఇచ్చేవాడి వ్యాపారం బాగున్నంత కాలమే అవి వస్తాయి. 1930 ప్రాంతంలో జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచమంతా కమ్మిన మాంద్యం కలిసి ఇక్కడి ముత్యాల బేరాన్ని దెబ్బకొట్టాయి. 1936లో వర్తకులే ఒక దారి చెప్పారు: దిగుమతి సుంకం మీద అదనంగా అర శాతం వేసి చదువుకి కేటాయించాలని. విద్యా మండలి ఏర్పడింది. అంటే బియ్యం, టీ, బట్ట కొన్న ప్రతివాడూ తెలియకుండానే బడికి చందాదారుడయ్యాడు. ఆ డబ్బుతోనే పాలస్తీనా నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. 1937లో ఆడపిల్లల బడి తెరిచారు. డబ్బు ఊరందరిదీ అయ్యాక, పాఠం చెప్పేవాడు ఏ దేశంవాడన్నది అడ్డు కాలేదు.

ఇప్పుడు మన బందరుకి ఒకసారి వెళ్లొద్దాం. అదీ రేవు పట్టణమే, కాలమూ అదే. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. వందేమాతరం ఉద్యమం వేడిలో, జనం ఇచ్చిన విరాళాలతో లేచిన సంస్థ. తెలుగువాళ్ల డబ్బు కదా, తెలుగువాళ్లే ఉండాలని వాళ్లు గిరి గీసుకోలేదు. చిత్రలేఖనం నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడే మన అడివి బాపిరాజు. ఆ రోజు "బయటోడు ఎందుకు" అని ఉంటే ఆ గురుశిష్యులు కలిసేవాళ్లే కాదు.

1961లో రూపాయి పోయి దినార్ వచ్చింది. 1966లో కువైట్ విశ్వవిద్యాలయం 418 మంది విద్యార్థులతో, 31 మంది అధ్యాపకులతో మొదలైంది. ఇప్పుడు దాని పెద్ద క్యాంపస్ షదాదియాలో ఉంది, అర్దియా ఉన్న ఫర్వానియా గవర్నరేట్‌లోనే. అక్కడ ఖర్చంతా సర్కారుది. చందా పుస్తకాల కాలం ఈ ఊరు మర్చిపోయి ఉండేదే. అలా కాకపోవడానికి కారణం, షేక్ యూసుఫ్ తర్వాత కువైట్ చరిత్ర మీద పుస్తకం రాసి, బడి కోసం ఎవరు ఏం చేశారో అందులో చెప్పడం. బడికి పెట్టింది పాలకుడు ముబారక్ పేరు. ఇచ్చినవాళ్ల పేర్లు మిగిలింది రాతలో.

మనవాళ్ల సంగతి ఆలోచిస్తే నాకు దిగులేసేది ఇక్కడే. అరబ్బు ఇళ్లలో వంట చేసిన అక్కలు, బండ్లు నడిపిన అన్నలు ఊరికి పంపిన దాంట్లో బళ్లకీ గుళ్లకీ ఎంత పోయిందో ఎక్కడా లేదు. శిలాఫలకం మీద ప్రారంభించిన నాయకుడి పేరుంటుంది. ఐదు దినార్లు ఇచ్చిన ఆయమ్మ పేరు ఫోన్‌లో ఒక మెసేజ్‌గా ఉండి, ఫోన్ పాడైతే పోతుంది.

కాబట్టి అన్నా, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఎవరిస్తే వాళ్ల దగ్గర తీసుకోండి, ఏ కులమైనా, ఏ ఊరైనా. గదులతో ఆపకుండా కొంత టీచరు జీతానికి ఉంచండి. నెలనెలా వచ్చే చిన్న మొత్తాన్ని నమ్ముకోండి, ఒక్క పెద్ద దాతని కాదు. ఒక నోటు పుస్తకం కొని ప్రతి పేరూ, ప్రతి దినారూ రాయండి. గదులు పూర్తయిన రోజు ఆ పుస్తకాన్ని బడి బీరువాలో పెట్టించండి.