పాడుపడిన గనులు

కొండాపూరునుండి గోలకొండ దుర్గమునకు కొద్ది మైళ్ళకంటె ఎక్కువ దూరము లేదు. "గోలకొండ వజ్రము" అను మాట లోకమంతట వ్యాపించి యుండుటచేత ఆ కోట క్రిందనే వజ్రపుగనులు ఉండెనని నమ్మువారు మన విద్యావంతులలోను కొందరు గలరు. నిజమునకు గోలకొండ అంగడియే కాని గని కాదు. ఆ రాళ్ళు పుట్టినది కృష్ణాతీరమున, కొల్లూరు, పరిటాల మొదలగు తావులందు. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడగు టావెర్నియే కొల్లూరును స్వయముగా చూచి, అచ్చట 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసెను. ఆ సంఖ్యను సగమునకు తగ్గించి నమ్మినను అది చిన్న ఊరు కాదు. పురుషులు గోతులు త్రవ్వుదురనియు, స్త్రీలును పిల్లలును మన్ను మోయుదురనియు, పది పండ్రెండు అడుగుల లోతున నీరు తగులగానే త్రవ్వకము నిలుపుదురనియు అతడు వివరించినాడు. అంత జనము మెలగిన చోటు ఎచ్చటనో తేల్చుటకు, టావెర్నియే గ్రంథమును 1889లో ఆంగ్లమున ప్రకటించిన వాలెంటైన్ బాల్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ యాత్రికుడు చెప్పిన ప్రయాణపు దూరములను లెక్క కట్టుకొనవలసి వచ్చెను. రెండు శతాబ్దములలోనే మనవారు దానిని అంతగా మరచిరి. ఇప్పుడు కొల్లూరు పులిచింతల జలాశయపు నీటిలో మునిగినది.

కొల్లూరు గోతులు పైకి తెరచియుండిన గోతులు, లోతును కొద్దియే. కాబట్టి వాటిని మరచినందువలన చరిత్రకు నష్టము కలిగెనే కాని ప్రాణములకు అంతగా కలుగలేదు. భూమిలోపల సొరంగములుగా సాగిన గనులను మరచుట అట్టిది కాదు.

మన తెలుగునేలపై అట్టి గనుల చరిత్ర ప్రధానముగా బొగ్గుతో మొదలైనది. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు పొరను కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. 1889లో ఇల్లందున త్రవ్వకము సాగెను. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చెను. ఇల్లందును జనులు బొగ్గుట్ట అనుటయు కలదు. తొలినాటి ఆ భూగర్భ గనులు ఒకటొకటిగా మూతపడి, పని కొత్తగూడెమునకును, బెల్లంపల్లికిని, గోదావరిఖనికిని జరిగిపోయెను. కొండాపూరు మేడలలో రాత్రింబవళ్ళు వెలుగు దీపములలో కొంత వెలుగు నేటికిని ఈ బొగ్గునుండియే వచ్చుచున్నది. ఆ బొగ్గు తీసిన చోట ఏమి మిగిలెనని ఆ దీపముల క్రింద కూర్చున్న మనము అడిగిన దినము అరుదు.

సింగరేణి కార్మికులు గనిని గని యనరు, బాయి యందురు. పనికి పోవుట "బాయి మీదికి పోవుట". ఈ మాటలో లోతైన తెలివి యున్నది. బావికిని గనికిని పోలిక కేవలము ఆకారమున లేదు. తోడువారు మానగానే రెండును నీటితో నిండును. పని జరుగుచున్నంతకాలము పంపులు అహోరాత్రములు నీటిని పైకి తోడుచునే యుండును. గని మూసి పంపు ఆపినపుడు నేలలోని ఊటలు లోపలి ఖాళీలన్నిటిని మెల్లగా నింపును. పైనుండి చూచువానికి పొదలు మొలచిన నేలయే కనబడును. అడుగున చెరువు నిలిచియుండును. ఆ చెరువునకు గట్టు ఏది? పనివారు విడిచిన బొగ్గు గోడయే. ఆ గోడ ఎంత మందమో చెప్పగలది పాత పటము మాత్రమే. పటము తప్పైనచో, లేక పోయినచో, ప్రక్క గనిలో త్రవ్వుచున్నవాడు ప్రతి దెబ్బను తెలియక ఆ గట్టుమీదనే కొట్టుచుండును.

ఇది ఊహ కాదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపమున చాస్‌నాలా గనిలోనికి పైనున్న పాత పనులలో నిలిచిన నీరు ఒక్కమారుగా విరుచుకొని పడి 375 మందిని పొట్టన పెట్టుకొనెను. 1979లో వచ్చిన "కాలా పత్థర్" అను హిందీ చలనచిత్రమునకు ఆధారము ఈ ఘోరమే. చిత్రమును చూచినవారు లక్షలు. కారణమును తెలిసికొన్నవారు ఎందరో చెప్పలేము. 2001 ఫిబ్రవరి 2న అదే ఝరియా క్షేత్రమున బాగ్‌డీగీ గనిలో, ప్రక్కనున్న జయరాంపూర్ పాత గని నీరు చొరబడి 29 మంది మృతిచెందిరి. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న ఏడవ నంబరు ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు పొంగివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి.

ఈ విషయమున ఇతర దేశముల చరిత్ర మనకంటె పాతది, మనకు పనికి వచ్చునది. 1815 మే నెలలో ఇంగ్లండు ఉత్తరభాగమున హీటన్ గనిలోనికి విడిచిన పాత గని నీరు దూకి 75 మంది పురుషులను, బాలురను ముంచివేసెను. నీరు తోడి శవములను వెలికి తీయుటకు తొమ్మిది నెలలు పట్టెను. ఆ సంవత్సరమే హంఫ్రీ డేవీ తన రక్షకదీపమును కనిపెట్టెను. దీపము కీర్తికెక్కినది, కెక్కదగినదే. కాని నీటికి దీపము మందు కాదు, పటము మందు. విడిచిన ప్రతి గని పటమును ప్రభుత్వమునకు అప్పగింపవలెనను శాసనము అచ్చట 1872లో గాని రాలేదు. అనగా హీటన్ మృతుల వెనుక ఏబది యేడేండ్లకు. ఆలస్యమునకు కారణము ఊహింప కష్టము కాదు. పటము యజమాని సొత్తు. అందులో అతని లాభనష్టముల రహస్యము ఇమిడియుండును. ఎరుగక చచ్చువాడు కూలివాడు.

శాసనమున్నంతమాత్రమున పని తీరదనుటకు 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనియందు జరిగినది సాక్ష్యము. ప్రక్కనున్న పాత శాక్స్‌మన్ గని ఇంకను మూడువందల అడుగుల దూరమున నున్నదని పటము చూచి నమ్మిన కూలీలు ఒక రాత్రి నేరుగా దాని గోడనే ఛేదించిరి. తొమ్మండుగురు నీటి నడుమ చిక్కుకొనిరి. పైనుండి రంధ్రము వేసి, గాలి పంపి, 77 గంటల పిమ్మట అందరిని ప్రాణములతో తీసిరి. శాక్స్‌మన్ గని చివరినాటి సరియైన పటము తరువాత ఒక చిన్న వస్తుప్రదర్శనశాలలో దొరికెను! మ్యూజియములో భద్రముగా నుండిన కాగితము గనిలో లేకపోయెను.

మన దేశమున 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు, విడిచిన పనులకు 60 మీటర్ల లోపల అనుమతి లేక త్రవ్వరాదనియు, త్రవ్వునపుడు ముఖమునకు కనీసము 3 మీటర్ల ముందుగా ఎల్లప్పుడును రంధ్రములు వేసి చూచుకొనుచుండవలెననియు విధించెను. గ్రుడ్డివాడు కఱ్ఱతో నేలను తట్టి నడచినట్లు. మంచి నిబంధనయే. కాని ఇది పెద్ద సంస్థల బొగ్గుగనులకు ఉద్దేశించినది. నెల్లూరు మండలమున గూడూరు చుట్టుప్రక్కల అభ్రకము తీసి విడిచిన గుంటలకును, ఊరూర రాయి కొట్టి వదలిన క్వారీలకును సరియైన పటములు ఎన్నింటికి గలవు? చుట్టు కంచె యైనను ఎన్నింటికి గలదు? వానకు నిండి నీలముగా మెరయు క్వారీ గుంటలలో వేసవి సెలవులందు ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయిన వార్త మన పత్రికలలో ఏటేట వచ్చుచునే యున్నది. గుంట అంచు నిలువుగా నుండును. చెరువువలె అడుగు మెల్లగా లోతు కాదు.

నీటి వెనుక గాలి. మూసిన బొగ్గుగనిలో బొగ్గు మెల్లమెల్లగా ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. బయటి గాలిలో నూటికి ఇరువదియొక పాలుండు ప్రాణవాయువు అచ్చట పది పాళ్ళకు దిగినను కంటికి తెలియదు, ముక్కునకు తెలియదు. దీపపు మంట పదియారు పదునేడు పాళ్ళ వద్దనే ఆరిపోవును కాబట్టి పూర్వులు మంటను నమ్మిరి. అది ఆరినచోటనుండి వెనుకకు తిరిగిరి. నేటి విద్యుద్దీపము ఏ గాలిలోనైనను వెలుగును గనుక ఈ హెచ్చరికను చేయలేదు. వాయుభారము తగ్గిన దినమున పాత గనులలోని చెడుగాలి బీటలగుండ బయటికి వెడలుననియు, నిన్న క్షేమముగా నుండిన చోటు నేడు ప్రాణాంతకము కావచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

కోలారు బంగారుగనులు ఇందులకు మనకు దగ్గరి నిదర్శనము. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ నడిపిన ఈ గనులకు మన చిత్తూరు సీమనుండియు, తమిళ జిల్లాలనుండియు వేలకొలది కుటుంబములు తరలిపోయి అచ్చటనే స్థిరపడినవి. 1902లోనే శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి, పంపులు ఆగినవి, గనితో జీతము పోయినవారు ఊరిలోనే మిగిలిరి. 2020 మే నెలలో మారికుప్పము వద్ద విడిచిన గనిలోనికి బంగారపు ఆశతో రహస్యముగా దిగినవారిలో ముగ్గురు ఊపిరాడక చనిపోయిరి. వారిని దొంగలని వ్రాసిన పత్రికలు గలవు. నేరము నేరమే కావచ్చును. అయినను నూరేండ్లకు పైగా బంగారము తీయుటయే వృత్తియైన ఊరికి ఆ వృత్తి పోయిన తరువాత ఏమి మిగిలెనో కూడ అడుగక తీర్పు చెప్పుట సులభము. విడిచిన గనులను విహారస్థలములుగా చూచి, ఛాయాచిత్రముల కొరకు దిగు యువకులకు అట్టి ఆకలియు లేదు. వారి కొరకు దిగవలసిన రక్షకదళపు మనుష్యులను గూర్చిన తలంపును లేదు.

ఇక కొండాపూరునకు తిరిగి వత్తము. ఇచ్చట నేలక్రింద బొగ్గు లేదు, బంగారము లేదు, శిలయే కలదు. కాని బాయి కలదు. ఇండ్లు హెచ్చినకొలది నీటికై రాతిలోనికి వందల అడుగులు బోర్లు దింపిరి. నీరు పడని బోరును, ఎండిన బోరును విడిచి ప్రక్కన మరియొకటి వేయుట మన కాలనీలలో నిత్యకృత్యము. విడిచిన బోరు సన్నని గని కాక మరేమి? దానికిని పటము లేదు; లోపల గాలి కదలదు; దిగిన మనిషి తిరుగుటకు చోటు లేదు. 2017 జూన్‌లో ఈ రంగారెడ్డి జిల్లాలోనే, చేవెళ్ళ సమీపమున ఇక్కారెడ్డిగూడెములో పదునెనిమిది నెలల ఆడుబిడ్డ ఆడుకొనుచు తెరచిన బోరులో పడెను. యంత్రములు వచ్చెను, ప్రక్కన గొయ్యి త్రవ్విరి, రాతి నేల కావున పని సాగక పోయెను. మూడు దినములకు మృతదేహము మాత్రము దక్కెను.

పాడు బోర్లను గూర్చి సుప్రీముకోర్టు 2010లోనే ఆదేశము లిచ్చియుండెను. విడిచిన బోరును మట్టితోగాని, ఇసుకతోగాని, రాళ్ళతోగాని అడుగునుండి నేలమట్టమువరకు నింపవలెను. మూతి మీద ఒక చదునురాయి పెట్టి, దానిపై పూలకుండీ నుంచుట నింపుట కాదు. ఈ మాసము అద్దె వసూలునకు వెళ్ళు యజమాని, పెరటిలో పాత బోరు ఎచ్చట నున్నదో, అది నిండియున్నదో లేదో కాపలావానిని అడిగినచో ఒక్క నిమిషము పట్టును. నింపుటకు ఇసుక బండి యొక్కటి చాలవచ్చును.