అజ్లూన్ దుర్గం

జోర్డాన్ నది లోయకు తూర్పున, అజ్లూన్ పట్టణానికి ఎగువన కొండకొమ్ముపై నిలిచిన కోటను అరబ్బులు ఖల్అతుర్రబద్ అంటారు. గోల్కొండను చూసిన కళ్ళకు ఇది చిన్న కోటే. దీనిని సలాహుద్దీన్ అయ్యూబీ విజయచిహ్నంగా చెప్పి ఊరుకోవడం తరచు జరుగుతుంది. ఈ కోట చరిత్ర అంత సులువైనది కాదు.

హి. 580 (క్రీ.శ. 1184-85)లో సుల్తాన్ సేనాని ఇజ్జుద్దీన్ ఉసామా దీనిని నిర్మించారు. అప్పటికి దక్షిణాన కరక్, లోయకు ఆవల కౌకబ్ కోటలు సిలువ యోధుల చేతిలో ఉన్నాయి. కఫ్రంజా, రాజిబ్, యాబిస్ వాగుల వెంట లోయలోకి దిగే దారులపై నిఘా వేయడం, కొండలలోని ఇనుప గనులను కాపాడడం, స్థానిక బనూ ఔఫ్ తెగను అదుపులో ఉంచడం దీని పని. నాలుగు మూలలా నాలుగు బురుజులు, చుట్టూ రాతిలో తొలిచిన లోతైన కందకం. 1187లో హిత్తీన్ విజయం, ఆ వెంటనే కరక్, కౌకబ్‌ల పతనంతో సరిహద్దు దూరమైంది. కోట సామగ్రి నిలవలకు, పాలనకు ఉపయోగపడింది.

తరువాత దీనిని ఉసామా చేతిలోనుండి లాగుకున్నది సిలువ యోధులు కాదు, అయ్యూబీలే. సలాహుద్దీన్ మరణానంతరం ఆయన వంశీయుల మధ్య రేగిన అనుమానాలకు, అంతఃకలహాలకు ఆ వృద్ధ సేనాని బలి అయ్యాడు. 1214లో కొత్త బురుజును చేర్చిన ఐబక్, అల్ ముఅజ్జమ్ ఈసా కొలువులోనివాడు.

1260లో మంగోలుల రాక మరింత విషాదకరం. వారికి బందీగా చిక్కిన అయ్యూబీ సుల్తాన్ అన్నాసిర్ యూసుఫ్ చేతనే కోటను అప్పగించమని ఆజ్ఞ ఇప్పించారు. గోడలు దెబ్బతిన్నాయి గాని, వాటికంటే ముందు విరిగినది నాయకత్వం. అదే సంవత్సరం ఐన్ జాలూత్‌లో మంగోలులు ఓడిన పిమ్మట మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ దీనిని బాగుచేయించారు. యూఫ్రటీస్ తీరపు వార్తలను మంటల సంకేతాలతోను, పావురాలతోను కైరోకు చేర్చే వరుసలో ఇది ఒక మజిలీ అయింది. బహుశా ఈ కోటకు అన్నిటికంటే గౌరవప్రదమైన ఉద్యోగం అదే.

1812లో యాత్రికుడు బర్క్‌హార్ట్ వచ్చేసరికి బరకాత్ కుటుంబానికి చెందిన సుమారు నలభైమంది లోపల కాపురముంటున్నారు. 1837, 1927 భూకంపాలు గోడలను కూల్చాయి. ఆ పిమ్మట పురావస్తుశాఖ శిథిలాలను తొలగించి, పడిన భాగాలను తిరిగి కట్టించింది. అయ్యూబీ రాయి ఏదో, మమ్లూక్ రాయి ఏదో, మన కాలపు మరమ్మతు ఏదో తెలుసుకోవాలంటే యాత్రికుడు గోడ దగ్గర నిలబడి, ఓపికగా చూడవలసిందే.