కోర్టు ముగిశాక తెర లేచిన ఊరు

పగలు కోర్టులో వాదనలు, రాత్రి రంగస్థలం మీద సంవాదాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర బళ్ళారిలో కొందరు వకీళ్ళ జీవితం ఇలా గడిచేది. తెలుగు, కన్నడం పక్కపక్కనే వినిపించే ఆ ఊళ్ళో వాళ్ళకు నాటకం బతుకుతెరువు కాదు. అయినా ఆధునిక తెలుగు నాటకానికి రూపురేఖలు దిద్దినవాళ్ళలో వాళ్ళది ముందు వరుస.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు ప్లీడరు. ఆయన సరసవినోదినీ సభ 1887లో ‘చిత్రనళీయం’ ఆడింది. పద్యాలకు తోడు పాటలు పెట్టి ఆయన సామాన్య ప్రేక్షకుణ్ణి నాటకశాలకు రప్పించారు. ‘విషాద సారంగధర’తో ఇంకో సాహసం చేశారు. కథ మంగళాంతం కావాలన్న సంస్కృత నాటక సంప్రదాయాన్ని పక్కన పెట్టి, తెలుగు ప్రేక్షకులను కన్నీళ్ళతో ఇంటికి పంపారు.

అదే ఊరి మరో ప్లీడరు కోలాచలం శ్రీనివాసరావు. ఆయనది సుమనోరమ సభ. పురాణాల నుంచి చరిత్రకు మళ్ళి, బళ్ళారికి దగ్గర్లోనే ఉన్న హంపీ శిథిలాల కథను ‘రామరాజు చరిత్ర’గా రాశారు. ఆ నాటకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది.

అందులో పఠాను రుస్తుం వేషంతో జనాన్ని కట్టిపడేసిన నటుడు బళ్ళారి రాఘవ. తాడిపత్రిలో 1880లో పుట్టారు. ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. ఆయనా వకీలే, క్రిమినల్ కేసుల్లో దిట్ట. పద్యాన్ని రాగాలు తీసి సాగదీయడం, ‘వన్స్‌మోర్’ కేకలకు మళ్ళీ మళ్ళీ పాడడం అలవాటైన రోజుల్లో, రాఘవ పాటను తగ్గించి పాత్ర మనసును ముఖంలో, గొంతులో పలికించారు.

ఆడవేషం ఆడవాళ్ళే కట్టాలని రాఘవ పట్టుబట్టారు. సంసార స్త్రీ రంగస్థలం ఎక్కితే లోకం చెవులు కొరుక్కునే కాలమది. ఆ మాటలను లెక్కచేయకుండా కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించారు.

రాఘవ 1928లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని చూశారు, బెర్నార్డ్ షాను కలిశారు. 1946లో కన్నుమూశారు.

ఏడేళ్ళకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా ఊరు తన నటుణ్ణి వదులుకోలేదు. నేటికీ కర్ణాటకలోని ఆ ఊళ్ళో నాటకశాల పేరు రాఘవ కళామందిరం.