రేడియో లైసెన్సు నుంచి ట్యాంకు సెన్సరు దాకా

ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు కట్టాలి అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం, లైసెన్సు లేకుండా అలాంటి పరికరం దగ్గరుంచుకోవడమే నేరం. 1980ల నడిమిదాకా మన పెద్దవాళ్ళు రేడియోకీ, టీవీకీ రుసుము కట్టారు. మా బోడుప్పల్‌కి దగ్గర్లోని ఈసీఐఎల్‌లో తయారైన ఈసీ టీవీకైనా ఇదే వరస.

వినే పెట్టెకే ఇంత తతంగమైతే, సొంతంగా సిగ్నల్ పంపే వస్తువు సంగతి చెప్పాలా? ఆ తలుపు తెరుచుకుంది 2005లో. 2.4 గిగాహెర్ట్జ్, 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండుల్లో తక్కువ పవర్ పరికరాలకి లైసెన్సు అక్కర్లేదంది కేంద్రం. ఇవ్వాళ మనిళ్ళలో జిగ్బీ సెన్సర్లు మొదటిదాంట్లో, జడ్-వేవ్ సెన్సర్లు రెండోదాంట్లో మాట్లాడుకుంటాయి.

సరిగ్గా అప్పుడే టెక్నాలజీ కూడా సిద్ధమైంది. 2003లో 802.15.4 ప్రమాణం, 2004 చివర్లో దాని మీద జిగ్బీ వచ్చాయి. వీటి కిటుకంతా నిద్రలోనే ఉంది. లెక్క చూడండి: బటన్ సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్స్ ఉంటాయి. రేడియో అస్తమానం ఆన్‌లో ఉండి 20 మిల్లీ ఆంపియర్లు లాగితే 11 గంటల్లో ఖాళీ. సగటున 5 మైక్రో ఆంపియర్లకి దించితే, కాగితం మీద 5 ఏళ్ళు! అందుకే సెన్సరు పడుకుంటుంది. దానికొచ్చిన కబుర్లు కరెంటు మీద నడిచే పక్క పరికరం దాచిపెట్టి, లేచాక ఇస్తుంది. మేడ మీద ట్యాంకు నిండిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వైరు లాగక్కర్లేదు, నీళ్ళు వీధిపాలు కావు.

మరి పేచీ ఎక్కడ? రివాల్వ్ అని అమెరికాలో 300 డాలర్ల హబ్బు ఉండేది. 2014లో గూగుల్ వారి నెస్ట్ ఆ కంపెనీని కొని, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. డబ్బు పోసి కొన్న పెట్టె ఒక్కరోజులో ఉత్త డబ్బా అయిపోయింది. చెప్పొచ్చేదేంటంటే, పోస్టాఫీసు లైసెన్సు పోయిందిగానీ దాని స్థానంలో కంపెనీ సర్వరు కూర్చుంది. అదైనా నయం, ఏడాదికోసారి రుసుము కడితే మన రేడియో మనకి పాడేది.

2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్, 2022లో వచ్చిన మ్యాటర్ లాంటివి ఇంట్లోనే పని కానిస్తాయి. కొనేముందు షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "నెట్ పోతే ఇది పనిచేస్తుందా?"